ప్యాకెట్టు మీద బొట్టు

ట్రేడ్‌మార్క్ ఆఫీసు వాళ్ళకు మనుషుల గోడు పట్టదని రోహిణి అనుకునేది. వాళ్ళు పంపిన రెండు పేజీల అభ్యంతరం చదివాక ఆ మాట వెనక్కి తీసుకుంది. తనను తాను అడగడానికి ఆమె నాలుగేళ్ళుగా భయపడుతున్న ప్రశ్నను వాళ్ళు నంబరు వేసి మరీ అడిగారు. ప్యాకెట్టు మీదున్న మల్లమ్మ ఎవరు? బతికున్న మనిషైతే, తన పేరూ బొమ్మా వాడుకోవడానికి ఒప్పుకున్నట్టు ఆమె రాసిచ్చిన ఉత్తరం ఏది?

మల్లమ్మ బతికే ఉంది. నల్లగండ్లలో, ఏడో అంతస్తులో, కొడుకు సాయిచంద్ దగ్గర ఉంది. సాయిచంద్ ఒకప్పుడు రోహిణి మొగుడు. కాబట్టి మల్లమ్మ ఆమెకు ఒకప్పటి అత్త. ఒకప్పటి అత్తను ఏమని పిలవాలో మాత్రం ఎవరూ ఎక్కడా చెప్పలేదు.

ఆరేళ్ళు కాపురం చేసినా రోహిణికీ సాయిచంద్‌కీ పొసగలేదు. అరుపులూ కేకలూ లేకుండా మర్యాదగానే విడిపోయారు. అతను మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు కూడా. సామాను సర్దుకున్న రోజు రోహిణి ఆ ఇంట్లోంచి ఒకే ఒక్క వస్తువు అడిగి తెచ్చుకుంది. అడుగు గుండ్రంగా, మసిబారి నల్లగా ఉండే పాత గంజు. అందులోనే మల్లమ్మ ఆమెకు సర్వపిండి పెట్టడం నేర్పింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు, ఉల్లికాడలు కలిపి ముద్ద చేసి, గంజు లోపల చుట్టూ పలచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వదిలి సన్నటి సెగ మీద కాల్చాలి. చెబితే అయిపోతుంది గానీ, చెయ్యి తిరగడానికి రోహిణికి రెండేళ్ళు పట్టింది.

పుప్పాలగూడలో రెండు గదులు కిరాయికి తీసుకుని, పొద్దున కాల్చిన సర్వపిండిని స్టీలు డబ్బాలో పెట్టుకుని ఆఫీసుల గేట్ల దగ్గర కూర్చునేది. తిన్నవాళ్ళు ఎవరు నేర్పారని అడిగితే అలవాటుగా "మా అత్తమ్మ" అనేసేది. అన్నాక నాలుక కరుచుకునేది. ఏడాది తిరిగేసరికి డబ్బా పోయి ప్యాకెట్లు వచ్చాయి, ప్యాకెట్టుకు ఒక పేరు కావలసి వచ్చింది. మల్లమ్మ తప్ప వేరే పేరు తోచనే లేదు. బోనాలనాడు తీసిన ఫొటో చూసి ఒకమ్మాయి బొమ్మ గీసింది. మల్లమ్మ నవ్వుతూ, ముక్కుపుడకతో, నుదుటన రూపాయి బిళ్ళంత ఎర్రటి బొట్టుతో.

ఆ బొమ్మ వచ్చిన ఏడాదికే మామ రామచంద్రం పోయాడు. ఇక్కడే రోహిణి తప్పు చేసింది. తప్పని తెలిసే చేసింది. కొత్త ప్యాకెట్లు అచ్చుకు ఇచ్చే ప్రతిసారీ ఆ బొట్టు తీయించాలా అని ఆలోచించేది. ఇంతమంది కలిసి ఆమె నుదుటి మీదిది తీసేశారు, నా చేత్తో కూడా తియ్యాలా అనుకుని అలాగే వదిలేసేది. భర్త పోయిన మనిషిని బొట్టుతో ఊరంతా తిప్పుతోందని ఆ కుటుంబంలో ఎవరెవరు ఏమనుకుంటున్నారో ఊహించుకుంటే మాత్రం ముద్ద దిగేది కాదు.

ఈలోగా నిజాంపేటలో హాస్టళ్ళ మధ్య ఎవరో ఒకాయన అదే పేరుతో సర్వపిండి అమ్మడం మొదలుపెట్టాడు. దాని మీదా ఒక ముసలమ్మ బొమ్మే. "మొన్న మీ సర్వపిండి తోలులాగా సాగిందేంటి?" అని ఎప్పుడూ కొనేవాళ్ళు రోహిణిని నిలదీశారు. అప్పుడే ఆమె మాదాపూర్‌లో ట్రేడ్‌మార్కుల పని చూసే రసజ్ఞ దగ్గరికి వెళ్ళి, పేరూ బొమ్మా కలిపి దరఖాస్తు వేయించింది. దానికి జవాబుగా వచ్చిందే ఈ అభ్యంతరం.

"జవాబివ్వడానికి ఇంక పన్నెండు రోజులే ఉందండీ," అంది రసజ్ఞ. "ఆవిడ సంతకం పెట్టిన ఉత్తరం, ఆధార్ కాపీ ఉంటే చాలు. బొమ్మ మాత్రం ఇప్పుడు మార్చడానికి వీల్లేదు. మారిస్తే ఇది వదిలేసి మళ్ళీ మొదట్నించీ రావాలి. ఈలోపు ఆ నిజాంపేటాయన దరఖాస్తు వేశాడనుకోండి, వరసలో ఆయన ముందుంటాడు."

"అంటే పేరు పోతదా?"

"పోవచ్చండీ. లేదంటే ఏళ్ళ తరబడి కొట్లాడాలి." ఉత్తరం టైపు చేస్తూ రసజ్ఞ ఒకచోట ఆగింది. "ఆవిడకీ మీకూ ఉన్న సంబంధం అన్నచోట ఏం రాయమంటారు? మాజీ అత్తగారు అని రాసెయ్యనా?"

రోహిణికి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. "ఖాళీ ఉంచండి మేడం," అంది.

మర్నాడు మధ్యాహ్నం, సాయిచందూ అతని భార్యా ఆఫీసుల్లో ఉండే వేళ చూసుకుని నల్లగండ్ల వెళ్ళింది. సంచిలో రెండు కాగితాలు. ఒకటి ఉత్తరం, పైన ప్యాకెట్టు బొమ్మ అచ్చు వేసి ఉంది. రెండోది రసజ్ఞకు చెప్పకుండా గీయించుకున్నది. అదే బొమ్మ, బొట్టు లేకుండా. మల్లమ్మ బాధపడితే పేరు పోయినా సరే, బొమ్మ మార్చేద్దామని రాత్రే తీర్మానించుకుంది. గుమ్మం ముందు నిలబడ్డాక ఏమని పిలవాలో తెలియక బెల్లు మీదకు వెళ్ళిన వేలు రెండుసార్లు వెనక్కి వచ్చింది.

తలుపు తీసింది మల్లమ్మే. చిక్కిపోయింది. నుదురు బోసిగా ఉంది. రోహిణి అంతా అనుకుని వచ్చింది కానీ, నోట్లోంచి ఒక్క మాటే వచ్చింది.

"అత్తమ్మా."

మల్లమ్మ ఆమెను కిందికీ పైకీ చూసింది. "చెప్పులు ఆడ్నే ఇడిసి లోపటికి రా. ఏంది గిట్ల ఎండిపోయినవ్? ఊరందరికి పెడ్తవు, నువ్వు తినవా?"

ఛాయ్ పెడతానని వంటింట్లోకి నడిచింది. రోహిణి కూడా వెంట నడిచింది. గట్టు మీద నల్లటి అద్దంలా మెరుస్తున్న కరెంటు పొయ్యి ఉంది.

"గ్యాసు తీసేసిన్రు," అంది మల్లమ్మ. "గీ పొయ్యి మీద గంజు కూసోదు బిడ్డా, బొంగరం తీర్గ తిరుగుతది. సర్వపిండి తినబుద్ధయితే నాకు నీ ప్యాకెట్టే దిక్కు. కింద కొట్టుల దొరుకుతది. గీ నడుమ ఉప్పు జర తక్కువేస్తున్నవు, చూస్కో."

రోహిణికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అయితే ప్యాకెట్టు చూసింది. బొట్టూ చూసింది. హాల్లోకి వచ్చి కూర్చుని ఛాయ్ తాగాక, గ్లాసు పక్కన పెట్టి, వచ్చిన పని చెప్పింది. నిజాంపేటాయన సంగతి, ఆఫీసు వాళ్ళ అభ్యంతరం, కావలసిన ఉత్తరం. సంతకం అనే మాట వినగానే మల్లమ్మ చేతులు రెండూ కొంగులో దాచుకుంది.

"సంతకమా? వద్దు బిడ్డా. నా జన్మల రెండుపార్లు పెట్టిన. ఒక్కపారి పెడితే పొలం పోయింది. ఇంకోపారి దవాఖానల పెట్టిన, మీ మామ పోయిండు. నా సంతకం మంచిది కాదు. నీ గిరాకి మీద నేను పెట్టను."

రోహిణి బతిమాలలేదు. ఆ మాట అన్నప్పుడు మల్లమ్మ గొంతులో ఉన్నది మొండితనం కాదని, తన కోసం పడుతున్న భయమని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఉత్తరం మడిచి, రెండో కాగితం తీసి మల్లమ్మ ఒళ్ళో పెట్టింది.

"ఇంకో మాట గూడ ఉంది అత్తమ్మా. మామ పోయినంక గూడ నేను నీ బొట్టు తియ్యలే. నీకు మంచిగ అనిపించకుంటే ఇగ గీ బొమ్మనే పెడ్త. మామ పోయిన దినం గూడ నేను..."

"గేటు అవతల కొబ్బరిబోండాల బండి కాడ నిలవడ్డవ్," అంది మల్లమ్మ. "మామను తీస్కపోతుంటే చూసిన. లోపటికి వస్తవేమోనని చానాసేపు చూసిన."

రోహిణి తల వంచుకుంది. మల్లమ్మ బొట్టులేని బొమ్మను చాలాసేపు చూసి, తిరగేసి పెట్టి, మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. "ఇటు రా," అంటూ తన గదిలోకి తీసుకెళ్ళి బీరువా తెరిచింది.

తలుపు లోపలి వైపు చిన్న అద్దం ఉంది. అద్దం పక్కన, అన్నం మెతుకులతో అతికించిన ప్యాకెట్టు కాగితం. మడతలు సాపు చేసి, నూనె మరకలు తుడిచి, అంచులు కత్తిరించిన కాగితం. అందులోంచి ఎర్రబొట్టు మల్లమ్మ నవ్వుతోంది.

"పొద్దుగాల తల దువ్వుకుంటందుకు తలుపు తీస్త. అద్దంల ఒక మల్లమ్మ, పక్కపొంటి ఇంకో మల్లమ్మ. ఇద్దరిని చూస్కుంట," అంది మల్లమ్మ. "అందరు నా మొఖం దిక్కు చూసి పాపమన్నరు. బొట్టు తీసిన్రు, పూలు తీసిన్రు, పేరంటాలకు పిల్వుడు బందు పెట్టిన్రు. నువ్వొక్కదానివే నన్ను ఎట్లున్నదాన్ని గట్ల ఉంచినవ్. నువ్వు మరిచిపోయి ఉంచినవనుకోలే నేను. ఎరుకుండే ఉంచినవనుకున్న."

"ఎరుకుండే ఉంచిన, అత్తమ్మా." రోహిణి కళ్ళ నీళ్ళు తుడుచుకోలేదు. మల్లమ్మే కొంగుతో తుడిచింది. తుడిచి, బీరువా పై అరలోంచి ఆధార్ కార్డు తీసింది.

"ఆ కాగితం తే. గీడ ఖాళీ ఏంది?"

"నేను నీకేమైతనో రాయాలె. ఏం రాయాల్నో తెల్వక ఇడిసిపెట్టినం."

"తలుపు తీసినప్పుడు ఏమని పిలిచినవ్?"

"అత్తమ్మ అని."

"ఇగ పరేషాన్ ఏంది? గదే రాయి."

రోహిణి రాసింది. మల్లమ్మ కలం అందుకుంది కానీ, కాగితం మీద పెట్టలేదు. పాత భయం ఇంకా వదల్లేదు.

"గిది పెడితే ఏం పోదు గదా?"

"పోదు అత్తమ్మా. పోకుండ ఉంచేటందుకే ఇది."

"ఎన్నేండ్లుంటది?"

"పదేండ్లు. గవి అయిపోంగనే మల్ల రాయించుకుంటే ఇంకో పదేండ్లు. గట్ల ఎన్నేండ్లయినా."

మల్లమ్మ కళ్ళద్దాల మీది నుంచి చూసింది. "నేను పోయినంక?"

"నువ్వు పోయినంక గూడ."

"బొట్టుతోనే?"

పసుపుకుంకుమలతో పోవాలని ఈ మనిషి ఎన్ని బోనాలకు మొక్కిందో, తన పక్కన నిలబడి ఎన్నిసార్లు కళ్ళు మూసుకుందో రోహిణికి గుర్తుంది.

"బొట్టుతోనే, అత్తమ్మా. ఆఫీసోళ్ళు చుక్క గూడ మారనియ్యరు."

మల్లమ్మ కాగితం మీదకు బాగా వంగి, ఒక్కో అక్షరం దగ్గరా ఆగి తన పేరు రాసింది. కలం పక్కన పెట్టి, పైన ఉన్న బొమ్మకు తగలకుండా సంతకం మీద మెల్లగా ఊదింది. తర్వాత హాల్లోకి వచ్చి, బొట్టులేని బొమ్మ ఉన్న ఆ రెండో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రోహిణి ఖాళీ చేసిన ఛాయ్ గ్లాసు కింద పెట్టింది.

"రేపు పొద్దుగాల్ల వచ్చి నన్ను తీస్కపో," అంది. "ఉప్పు ఎంతెయ్యాల్నో చూపిస్త."