తలుపు మూసే ఊరు

చచ్చిపోయినవాళ్ళు ఆకలేస్తే కలలోకి వచ్చి అడుగుతారు. కారియాకూ దీవిలో పుట్టినవాళ్ళెవరికీ ఇందులో అనుమానం లేదు. అనుమానమల్లా, పిల్లలు సముద్రం దాటి ఇంగ్లండు వెళ్ళిపోతే అంత దూరమూ వెతుక్కుంటూ వస్తారా అనే. సిస్లిన్ వాళ్ళమ్మ వచ్చింది. ఫిబ్రవరి చలిలో, హడర్స్‌ఫీల్డ్ ఉన్ని మిల్లులో పని చేసొచ్చి ఒళ్ళు తెలియకుండా పడుకున్న కూతురి మంచం పక్కన, పూల గౌనులో, కాళ్ళకు చెప్పులైనా లేకుండా నిలబడింది. "ఆకలేస్తోందే" అని ఒక్క మాట అని వెళ్ళిపోయింది.

అడిగాక పెట్టకపోతే ఎలా? అమ్మ పోయినప్పుడు సిస్లిన్ ఇక్కడ మిల్లులో దారం చుడుతోంది. పిడికెడు మట్టి వేయడానికైనా వెళ్ళలేకపోయింది. ఆ దిగులు లోపల ఉండనే ఉంది. ఇప్పుడు ఆకలితో కూడా తిప్పి పంపితే తను కూతురే కాదు.

అంచేత సరాకా, అంటే పోయినవాళ్ళ పేరున భోజనం, పెట్టాలి. అదేం పెద్ద విద్య కాదు. ఆ రోజు వంటలో ఉప్పు పడకూడదు, ఉప్పు తగిలితే పోయిన పెద్దవాళ్ళు ముట్టరు. వాళ్ళకో కుర్చీ వేసి, ముందు పళ్ళెం పెట్టి, గడపలో కాస్త రమ్ము చిలకరించి, వీధి తలుపు బార్లా తెరవాలి. ఎవరినీ పిలవకూడదు. పిలిస్తే అది విందవుతుంది గానీ సరాకా కాదు. దారిన పోయేవాళ్ళు తమంతట తాము వచ్చి తినాలి, వాళ్ళు తింటేనే పెద్దవాళ్ళ కడుపు నిండినట్టు. మా దీవిలో దీనికేం ఇబ్బంది? డప్పు మోగితే చాలు, కొండ అవతలివాళ్ళు కూడా గిన్నెలు పట్టుకుని దిగుతారు. హడర్స్‌ఫీల్డ్‌లో డప్పు ఎవడు మోగిస్తాడు?

వరసకు అన్నయ్య ఎల్విన్, బస్సు కండక్టరు, ఇది విని పకపకా నవ్వాడు.

"నీకేమైనా పిచ్చా చెల్లాయ్? ఈ ఊళ్ళో తలుపు తీసిపెడితే లోపలికొచ్చేది పిల్లీ, మంచూ. డ్యూటీ లేకపోతే నేనే వచ్చి తినేవాణ్ణి."

"నువ్వొచ్చినా లాభం లేదన్నయ్యా. నీకు చెప్పేశానుగా, ఇంక లెక్కలోకి రావు."

"చెప్పి మరీ నా నోటికాడ కూడు తీసేశావన్నమాట! సరేగానీ, మీ ఇంటావిడ ఊరుకుంటుందా?"

అదే అసలు చిక్కు. ఇంటావిడ మిసెస్ ఆర్మిటేజ్ మొగుడు పోయిన మనిషి, మాట కరుకు. గది అద్దెకిచ్చిన రోజే చెప్పేసింది, ఇంటికి ఎవరైనా వచ్చారో ఆ పూటే సామాను వీధిలో ఉంటుందని. నల్లవాళ్ళకు గది దొరకడమే గగనమైన ఊరది. ఇది పోతే సిస్లిన్‌కి తల దాచుకోవడానికి చోటు లేదు.

శనివారాలు ఇంటావిడ చెల్లెలింటికి వెళ్ళి దీపాలు పెట్టే వేళకు గానీ రాదు. ఆ శనివారం ఆవిడ అటు వెళ్ళగానే సిస్లిన్ ఇటు పొయ్యి వెలిగించింది. మొక్కజొన్న సంకటి ముద్దలు చుట్టింది, కందులు ఉడికించింది, కోడి వండింది. కుర్చీ మీద తెల్లగుడ్డ పరిచి, పళ్ళెం ముందు కొవ్వొత్తి వెలిగించి, తలుపు తీసి కూర్చుంది.

మొదట బొగ్గులవాడు ఆగాడు. ఆమె పళ్ళెం అందుకుంది. "తలుపు తీసుంది తల్లీ, వెచ్చదనమంతా పోతోంది" అని వాడే లాగి మూసి వెళ్ళాడు. ఆమె మళ్ళీ తీసింది. ఈసారి చంటిపిల్ల తల్లి ఒకామె, "దొంగలు పడతారమ్మాయ్!" అంటూ మూసింది. మళ్ళీ తీస్తే పోలీసాయన వచ్చి మూయడమే కాదు, సరిగ్గా పడిందో లేదో తోసి మరీ చూసుకున్నాడు. పాపం, అందరూ మంచివాళ్ళే. మా ఊళ్ళో మంచితనం లోపలికొచ్చి కూర్చుంటుంది, అక్కడ బయటినుంచే తలుపు వేసి వెళ్ళిపోతుంది. కొవ్వొత్తి సగానికి వచ్చింది. సంకటి చల్లారిపోయింది. "ఏం చేయనే అమ్మా?" అని సిస్లిన్ కుర్చీకేసి చూసి అడిగింది.

మళ్ళీ వెళ్ళి తలుపు తీసింది. నాలుగోసారి గడపలో అడుగుల చప్పుడైంది. మంచుకి బస్సు ఆగిపోయి, సగం దారిలోంచి వెనక్కి వచ్చిన మిసెస్ ఆర్మిటేజ్!

"ఏమిటిది? వీధినంతా వెచ్చబెట్టడానికా నేను బొగ్గు కొంటున్నది?" అంటూ వచ్చిన మనిషి బల్ల చూసి ఆగిపోయింది. "ఎవరొస్తున్నారు? ఎవరూ రాకూడదని చెప్పానా, లేదా?"

"ఎవరినీ పిలవలేదు మేడమ్."

"మరి ఈ వంటంతా ఎవరికి?"

"మా అమ్మకి."

"మీ అమ్మ వస్తోందా? ఎప్పుడు?"

"వచ్చేసింది మేడమ్. పోయి రెండేళ్ళయింది."

ఇక సామాను సర్దుకోవడమే అనుకుంది సిస్లిన్. ఎటూ పోయేదానికి దాపరికమెందుకని కల సంగతీ, ఉప్పు సంగతీ, పిలవకూడదన్న సంగతీ అన్నీ చెప్పేసింది. చివరికి, "మీరు గడప దాటారు. తినకుండా వెళ్ళకూడదు" అని ఇంకో పళ్ళెంలో వడ్డించి చేతికిచ్చింది.

మిసెస్ ఆర్మిటేజ్ నెత్తిన టోపీ కూడా తీయకుండా ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు లేదు."

"వేయకూడదండీ."

"మా ఆయనకి ఆఖరు రోజుల్లో డాక్టరు ఉప్పు మాన్పించాడు. ఒక్కడే చప్పిడి తింటాడెందుకని నేనూ తిన్నాను. నువ్వేం కొత్త రుచి చూపించలేదులే." పళ్ళెం ఖాళీ చేసి గిన్నెలకేసి చూసింది. "ఇంతా వండి, నేనొక్కదాన్ని తింటే సరిపోతుందా?"

"ఎంతమంది తింటే మా అమ్మకి అంత తృప్తి. కానీ నేను పిలవకూడదు."

"నువ్వు పిలవకూడదు. నా చేతులెవరైనా కట్టేశారా?"

నిప్పులు ఎగదోసే ఇనప ఊచ తీసి, పొయ్యి వెనక గోడ మీద ఠంగు ఠంగుమని బాదింది. ఆ వరస ఇళ్ళన్నిటికీ గోడలు ఉమ్మడి. ఆపదొస్తే వాళ్ళు అలాగే కబురు పంపుకుంటారు. పక్కింట్లో ఠంగుమంది. ఆ పైన దాని పక్కింట్లో. చప్పుడు అలా అలా వీధి చివరికంటా పోతుంటే సిస్లిన్ గరిటె పట్టుకుని కదలకుండా నిలబడి వింది. ఈ వీధికీ డప్పుంది!

"ఎవరికేమైంది? ఎవరు పడ్డారు?" అంటూ ఏప్రన్లతో ఆడవాళ్ళూ, ఇంట్లో తొడుక్కునే చెప్పులతో మగవాళ్ళూ పరుగెత్తుకొచ్చారు.

"ఎవరూ పడలేదు. నోరు మూసుకుని తినండి" అంది మిసెస్ ఆర్మిటేజ్.

తిన్నారు. ఉప్పు లేదని గొణుక్కుంటూనే తిన్నారు. కుర్చీలు చాలలేదు. మోకాళ్ళ నొప్పులతో ఆయాసపడుతూ వచ్చిన ముసలాయనొకడు తెల్లగుడ్డ పరిచిన కుర్చీని లాక్కోబోయాడు. సిస్లిన్ గిన్నె వదిలేసి అటు రాబోయింది.

"ఆగాగు! కళ్ళు కనబడ్డం లేదా?" అని కసిరింది ఇంటావిడ. "అది ఈ పిల్ల వాళ్ళమ్మ కుర్చీ."

"అందులో ఎవరూ లేరే?"

"ఉంది. సముద్రం దాటి వచ్చింది పాపం, కాసేపు కూచోనీ."

ముసలాయన తెల్లబోయి ఇంటావిడకేసీ, కొవ్వొత్తికేసీ చూశాడు. తర్వాత టోపీ తీసి, ఖాళీ కుర్చీకి తల వంచి, "క్షమించమ్మా, చూసుకోలేదు" అన్నాడు.

అమ్మ పోయిందన్న కబురు వచ్చినప్పుడు కూడా ఏడవని సిస్లిన్ అప్పుడు ఏడ్చింది, అందరి ముందూ, వెక్కి వెక్కి. ఏడుస్తూనే ముసలాయనకి ఇంకో ముద్ద వడ్డించింది.