నడక మేస్త్రీ

బూట్ల ఫ్యాక్టరీలో అతనికి జీతమిచ్చేది నడవడానికి. కొత్తరకం సోలు తయారైతే చాలు, ఆ బూట్లు అతనికి తొడిగేవారు. కంకర మీద, సిమెంటు మీద, తడి గచ్చు మీద పొద్దస్తమానం నడిచి, అరగదీసి, తెచ్చి మేనేజరు బల్ల మీద బోర్లించేవాడు. "మడమ బయటి అంచు ముందే పోతోందండీ" అనేవాడు. దాంతో ఆ సోలు జాతకం తేలిపోయేది. అందరూ నడక మేస్త్రీ అనేవారు. మేస్త్రీ అన్నమాటే గానీ అతని కింద పనివాళ్లెవరూ లేరు. ఉన్నది నేలే.

ఇంటికొస్తే మాత్రం కుర్చీ దిగేవాడు కాదు. "ఏమండీ, అలా పార్కు దాకా వెళ్లొద్దామా?" అనేది భార్య.

"రోజంతా నడిచొచ్చిన మనిషిని పట్టుకుని వాకింగంటావేంటే? వంటవాణ్ని విందుకి పిలిచి గరిటె చేతికిచ్చినట్టుంది."

అడిగి అడిగి ఆవిడ మానేసింది. ఒక్కతే వెళ్లొస్తోందిలే అనుకున్నాడు.

తర్వాత ఫ్యాక్టరీకి యంత్రం వచ్చింది. రెండు ఇనప పాదాలు. టీ అడగదు, కాళ్లనొప్పులనదు, రాత్రీ పగలూ నడుస్తుంది, ఉన్నచోటే ఉంటుంది. మేస్త్రీని గేటు పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. కూర్చుని కూర్చుని కాళ్లు పీకేవి. ఊరికే ఒంటరిగా నడవడం అతనికి చేతకాదు. భార్య పిలుస్తుందేమోనని సాయంత్రాలు గుమ్మం దగ్గర తచ్చాడేవాడు. ఆవిడ పిలవలేదు. తనంతట తాను అడగడానికి మొహం చెల్లలేదు.

ఒకరోజు చెప్పుల అరలో తన జత పెడుతుంటే, వెనకాల ఆవిడ వాకింగు బూట్లు కనబడ్డాయి. ఎప్పుడో మోజుపడి కొనుక్కున్నవి. దుమ్ము పట్టి ఉన్నాయి. అలవాటు కొద్దీ బోర్లించాడు. సోలు మీది గాట్లన్నీ కొత్తగానే ఉన్నాయి. మడమ అంచున గీతైనా పడలేదు. ఆవిడ ఒక్కరోజు కూడా ఒంటరిగా వెళ్లలేదన్నమాట. ఇన్నేళ్లుగా ఎవరెవరివో సోళ్లు అరగదీసినవాడికి సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది.

బూట్లు తీసుకెళ్లి వంటింట్లో ఆవిడ కాళ్ల దగ్గర పెట్టాడు. "ఇవి పరీక్ష చెయ్యకుండా ఉండిపోయాయే. తొడుక్కో."

ఆవిడ స్టవ్వు కట్టేసింది. అరచేత్తో దుమ్ము తుడిచింది. "ఎంతసేపు నడవాలేంటి?"

"అరిగేదాకా" అన్నాడు మేస్త్రీ, మేనేజరుతో చెప్పినట్టే.