కుడి పెడలు మీద చెయ్యి

రెండువేల తొమ్మిది ఆగస్టులో మా అమ్మాయి విజయదుర్గ కుడికాలు బలహీనంగా ఉందని తేలింది. అంతకు ముందు పదిహేడేళ్ళలో ఆ సంగతి మాకెవరికీ తెలియదు.

కనిపెట్టింది ఒక పెడళ్ళ జత. అమలాపురం శ్యామ్ బాబు గారు ఇంజనీరింగు కాలేజీలో లెక్చరరు, సైకిలు పందేల పిల్లలకు శిక్షణ కూడా ఇస్తారు. తొక్కేటప్పుడు కాలు ఎంత బలం పెడుతోందో చెప్పే పెడళ్ళు ఆయన సొంతంగా తయారుచేశారు. ఇరుసు లోపల సన్నటి రేకులు అతికించారు. అంకెలు తీగ లేకుండానే హేండిలు మీది చిన్న పెట్టెకు చేరతాయి. ఎలా చేరతాయో ఆయన చెప్పారు, నేను తల ఊపాను. ఎడమకాలిది ఒక అంకె, కుడికాలిది ఒక అంకె, రెండూ కలిపితే పిల్ల సత్తా. బల్బు మీద రాసినట్టు వాట్లలో చెబుతుంది.

రాష్ట్ర జట్టు శిబిరానికి మా వైపు నుంచి ఒక్క ఆడపిల్లనే పంపాలి. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు మా దుర్గ, రెండోవారు రాజోలు కరుణ. పందెంలో ఎప్పుడూ ఒక చక్రం తేడాలో వచ్చేవారు. అందుకని శ్యామ్ బాబు గారు ఆ పెడళ్ళు చెరో పది రోజులు ఇచ్చి, సగటు ఎవరిది ఎక్కువైతే వాళ్ళని పంపుతానన్నారు. కరుణ పది రోజులూ ముందే అయిపోయాయి. నూట తొంభై ఆరు వాట్లు వచ్చాయి.

పెడళ్ళు బిగించిన రోజు ఆయన నాకొక పని అప్పగించారు. "రోజూ తొక్కే ముందు సున్నా పెట్టాలండి. ఈ బొత్తాం నొక్కి పది లెక్కపెట్టండి. అప్పుడు పెడలు మీద ఏ బరువూ ఉండకూడదు. అది దానికి సున్నా అన్నమాట. అక్కణ్ణించి లెక్క మొదలుపెడుతుంది."

"ఆయ్, అలాగేనండి," అన్నాను.

నాకు ఒక్కటే సందేహం ఉండేది. మా ఇంట్లో పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం. లెక్క చెప్పే వస్తువు పుస్తకం కంటే తక్కువేమీ కాదు. దాన్ని పిల్ల రోజూ గంటన్నర కాళ్ళతో తొక్కాలి. అది తప్పదు కాబట్టి, మొదలుపెట్టేటప్పుడే క్షమాపణ అడగడం మంచిదనిపించింది. సైకిలు గోడకు ఆనించి ఉండేది, కుడి పెడలు కిందికి దిగి ఇవతల వైపు ఉండేది. ఎడమచేత్తో బొత్తాం నొక్కి, కుడిచెయ్యి పెడలు మీద ఉంచి, మూడుసార్లు గోవిందా అనుకుని, ఆ చెయ్యి కళ్ళకద్దుకునేవాణ్ణి. సరిగ్గా పది అంకెల సేపు పట్టేది. అది కూడా కలిసొచ్చిందనుకున్నాను.

మొదటి రోజు అంకెలు ఎడమ తొంభై ఎనిమిది, కుడి డెబ్భై మూడు. మూడు రోజులూ అదే వరస. నాలుగో రోజు ఫోను చేస్తే శ్యామ్ బాబు గారు అంకెలు మళ్ళీ ఒకసారి చదివించుకున్నారు.

"కుడికాలికెప్పుడైనా దెబ్బ తగిలిందాండి?"

నా భార్య ఆదిలక్ష్మి పక్కనుంచి అందుకుంది. "చిన్నప్పుడు పొలం కాడ నీళ్ళ బోదె దాటుతా పడిపోయిందండి. ఆ కాలేనండి!"

"అది ఎడమకాలమ్మా," అంది దుర్గ.

"నీకేం తెల్సు? అప్పటికి నీకు మూడేళ్ళు."

కుడికాలికి విడిగా వ్యాయామం చేయించమన్నారు. పొద్దున్న నలభైసార్లు, సాయంత్రం నలభైసార్లు ఆ ఒక్క కాలి మీదే కూర్చుని లేవాలి. ఆదిలక్ష్మి రాత్రిళ్ళు నువ్వుల నూనె పట్టించి మర్దనా చేసేది. ఆరో రోజునుంచి దుర్గ కూడా కుడికాలు వైపు చూసుకుంటూ నడవడం మొదలుపెట్టింది. పదో రోజు తొక్కడం పూర్తయ్యేసరికి తొడ కండ పట్టేసి అరుగు దిగలేకపోయింది. అంకెలు మాత్రం మారలేదు. సగటు నూట డెబ్భై ఒకటి.

ఆ ఉదయమే శ్యామ్ బాబు గారు మా ఇంటికి వచ్చారు. నిర్ణయం ఇద్దరి ముందూ చెప్పాలని కరుణనీ, వాళ్ళ నాన్న సత్యం గారినీ రమ్మన్నారు. సత్యం గారు బ్యాంకులో పనిచేస్తారు, నెమ్మదైన మనిషి. అందరం అరుగు మీద కూర్చున్నాం.

"ఒక్కసారి సున్నా ఎలా పెడుతున్నారో చూపించండి," అన్నారు శ్యామ్ బాబు గారు.

లోపం లేకుండా చేసి చూపించాను. కళ్ళు తెరిచేసరికి అందరూ నా కుడిచేతినే చూస్తున్నారు.

"ఆ చెయ్యి ఏవిటండీ?"

"దణ్ణం అండి."

"బరువు ఉండకూడదని చెప్పేను కదండీ?"

"బరువేం లేదండి. దణ్ణవే."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నా చేతి బరువును ఆ యంత్రం సున్నా అనుకుందనీ, రోజూ అంత బలాన్ని పిల్ల కుడికాల్లోంచి తీసేసిందనీ వివరించారు. కాలికి ఏ జబ్బూ లేదట.

"మేవైతే దూరంనించే ప్రార్థన చేస్తావండి," అన్నారు సత్యం గారు. వెక్కిరింత కాదు, సలహా ఇచ్చినట్టే అన్నారు.

"నాన్నగారూ!" అంది దుర్గ.

మళ్ళీ తొక్కించి చూద్దామంటే పిల్ల కాలు లేవదు. పేరు ఆ సాయంత్రంలోగా ఫ్యాక్సు చేయాలి. శ్యామ్ బాబు గారు ఆలోచించి ఒక దారి చెప్పారు. నేను రోజూ ఎంత బరువు వేశానో కొలిస్తే, ఆ మేరకు అంకెలో కలపవచ్చు. కిలోకి పన్నెండు వాట్లు. ఈసారి సున్నా ఆయనే పెట్టి, పెట్టెలో కిలోలు కనిపించేలా మార్చారు.

"రోజూ ఒకేలా పెట్టేరా చెయ్యి?"

"శనివారాలు కాస్త ఎక్కువుండొచ్చండి."

"పది రోజుల్లో శనివారాలు రెండే. సర్దుకుంటుందిలెండి. రోజూ పెట్టినట్టే పెట్టండి."

లెక్క నాకూ వచ్చు. ఇరవై ఐదు వాట్లు తక్కువ. రెండు కిలోల పైన కాస్త పడితే దుర్గ శిబిరానికి వెళుతుంది. అంటే ఒలిచిన కొబ్బరికాయలు నాలుగు. అంత బరువు చేతికి ఎలా ఉంటుందో నాకు తెలుసు.

కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టాను. గోవిందా అనుకున్నాను.

"రెండు పాయింట్ ఆరు," అన్నారు శ్యామ్ బాబు గారు.

ఆదిలక్ష్మి గట్టిగా ఊపిరి వదిలింది. కరుణ తల దించుకుంది. సత్యం గారు కండువా సర్దుకున్నారు. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

నా మటుకు నేను అబద్ధమేమీ ఆడలేదు. చెయ్యి పెట్టమన్నారు, పెట్టాను. దేవుడి పేరే తలుచుకున్నాను. కానీ ఆ మూడుసార్లలో ఒక్కసారైనా ఆయన్ని తలుచుకున్నానా, కొబ్బరికాయల్నే తలుచుకున్నానా? మనసులోది యంత్రానికి తెలియదు. దేవుడికి తెలుసు. ఈ రెంటిలో ఎవరికి జవాబు చెప్పాలో నాకు అట్టే సందేహం లేకపోయింది.

"అది సరి కాదండి," అన్నాను. "అందులో మా అమ్మాయి ఉంది."

"మళ్ళీ పెడతారా?"

"పెడతానండి. ఒరే దుర్గా, రోజూ తొక్కేముందు నువ్వక్కడ నించుని ఏవంటావో, అదే అను."

దుర్గ నా వంక చూసింది. దానికీ లెక్క వచ్చు. గోడ పట్టుకుని లేచి, కుంటుకుంటూ సైకిలు పక్కకు వచ్చి నిలబడింది.

"తొందరగా కానివ్వండి నాన్నగారూ. ఎండొచ్చేత్తంది."

రోజూ ఆ గొంతు వింటూనే చెయ్యి పెట్టేవాణ్ణి. అలాగే పెట్టాను.

"ఒకటి పాయింట్ నాలుగు."

ఇంకోసారి పెట్టించారు. ఒకటి పాయింట్ నాలుగే. పదిహేడు వాట్లు కలిపితే నూట ఎనభై ఎనిమిది.

నా భక్తి అంతకంటే ఎక్కువే ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. శ్యామ్ బాబు గారు కాగితం మీద కరుణ పేరు రాశారు, దాని కింద దుర్గ పేరు రాసి రిజర్వు అని పెట్టారు. సత్యం గారు లేచి నా రెండు చేతులూ పట్టుకున్నారు. కరుణ దుర్గ పక్కకు చేరి, "కాలు తగ్గేక కలిసి తొక్కుదాం," అంది. దుర్గ సరే అంది.

వాళ్ళు వెళ్ళాక దుర్గ అరుగు మీదే కూర్చుని చాలాసేపు తొడ నొక్కుకుంది.

"ఇంకో ముప్పావు కిలో భక్తి ఉంటే ఏం పోయేదండీ మీకు?"

నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది.

"ఉన్నదంతేనమ్మా," అన్నాను.