ముందుగా తరిగిన కూరగాయలు

“మళ్లీ డబ్బాలు నింపేస్తున్నావే! ఇవాళ మంచి ఊపు మీదున్నట్టున్నావు,” అన్నారు మా ఆయన, ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా తీసుకుంటూ. నేను బీన్స్ తరుగుతున్నాను. క్యారెట్ల పని అయిపోయింది, క్యాబేజీ ఇంకా ఉంది. ఊపు మీదున్న మాట నిజమే. పొద్దున లేచిన దగ్గర్నుంచి దుప్పట్లు ఉతికాను, అత్తగారి మందులు వారానికి సరిపడా సర్దాను, ఆయన చొక్కాలన్నీ ఇస్త్రీ చేశాను. ఆ మర్నాటికి జ్వరం వచ్చింది. పడుకున్నానని చెప్పలేను, మంచానికీ పొయ్యికీ మధ్య తిరిగాను. గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉంది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. “నిన్నంతా బొంగరంలా తిరిగింది, ఇవాళ బద్ధకిస్తోంది,” అన్నారు అత్తగారు ఫోన్లో మా ఆడపడుచుతో.

నాది పుట్టుకతో వచ్చిన ఊపిరితిత్తుల జబ్బు. చాలా అరుదైనదట. గాలి వెళ్లే గొట్టాల లోపల కంటికి కనిపించనంత సన్నటి నూగు ఉంటుంది. అందరికీ అది అలలా కదులుతూ కఫాన్ని పైకి తోసేస్తుంది, నాకు కదలదు. అందుకే ఆ పని నేనే చెయ్యాలి. రోజూ పొద్దునా సాయంత్రం ఒక ప్లాస్టిక్ గొట్టంలోకి ఊది, దగ్గి, ఊపిరితిత్తులు శుభ్రం చేసుకోవాలి. ఇంట్లో ఎవరూ గమనించకుండా జరిగిపోవాల్సిన పనులన్నీ నావే అయినట్టు, ఒంట్లో నాకు కూడా తెలియకుండా జరిగిపోవాల్సిన పని సైతం నా మీదే పడింది. జబ్బు ఎప్పుడూ ఉండేదే కానీ, అప్పుడప్పుడూ తిరగబెడుతుంది. అలా తిరగబెట్టినప్పుడల్లా వెంటనే మందు పడకపోతే ఊపిరితిత్తుల్లో కొంత భాగం శాశ్వతంగా పాడవుతుంది. అదే నా భయం. డాక్టరమ్మ “ఎలా ఉందమ్మా?” అని నన్నడిగితే, జవాబు నా పక్క కుర్చీలోంచి వస్తుంది. “ఎప్పుడూ ఉండే దగ్గే డాక్టర్, మామూలే.” నా మామూలు ఏమిటో నాకంటే ముందు మా ఆయనకి తెలిసిపోతుంది.

ఒకరోజు డాక్టరమ్మే ఫోన్ చేశారు. ఈ జబ్బుకి కొత్త మందు పరీక్షించబోతున్నారట. “మందు పనిచేసిందో లేదో తెలియాలంటే, జబ్బు ఎన్నిసార్లు తిరగబెట్టిందో లెక్కపెట్టాలి. ఒకరు తిరగబెట్టిందన్నదాన్ని ఇంకొకరు ఉత్త జలుబంటే ఆ లెక్క ఎలా కుదురుతుందమ్మా? అందుకని ముందు నిర్వచనం రాసుకుంటున్నాం. జబ్బున్నవాళ్లు కూడా కూర్చోవాలి,” అన్నారు. సరేనన్నాను. కాలేజీలో తర్కశాస్త్రం చదివిన దాన్ని. నిర్వచనమంటే పట్టాల్సినవన్నీ పట్టాలి, పట్టకూడనిది ఒక్కటీ పట్టకూడదు అని మా మేడం బల్ల చరిచి చెప్పేవారు. ఆ చదువు ఇన్నాళ్లకి పనికొస్తోందని లోపల్లోపల మురిసిపోయాను.

భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. తెర మీద డాక్టర్లు, నాలాంటి రోగులు కొందరు. డాక్టరమ్మ లక్షణాలు ఒక్కొక్కటే చదివారు. దగ్గు ఎక్కువవడం, కఫం రంగు మారడం, ఆయాసం, జ్వరం. చివర్లో, ‘ఉద్యోగానికి గానీ బడికి గానీ వెళ్లలేకపోవడం.’

“నేను జ్వరమొచ్చినా బండెక్కుతా మేడం,” అన్నాడు ఒక బస్సు డ్రైవరు. “కాకపోతే ఆ రోజు మా కండక్టరు నా జోలికి రాడు. నా మొహం చూసే చెప్పేస్తాడు, గురూ నీకు మళ్లీ మొదలైందని.” అందరం నవ్వాం. అలాంటి కండక్టరున్నందుకు ఆ డ్రైవరు మీద నాకు కాస్త అసూయ కూడా కలిగింది.

“మీరు చెప్పండమ్మా. పనికి వెళ్లలేని రోజులుంటాయా?” అన్నారు డాక్టరమ్మ నాతో.

“నేనుండేదే పని మధ్యలోనండి. వెళ్లకపోవడానికి కుదరదు.”

“పోనీ, తిరగబెట్టినప్పుడు ఇంట్లో పని తగ్గిపోతుందా?”

“ముందు పెరుగుతుందండి,” అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాకే నాకు తెలిసింది అది నిజమని. గొంతులో అదోరకం చేదు, పక్కటెముకల కింద చిన్న లాగుడు. ఇంకా దగ్గు లేదు, జ్వరం లేదు. కానీ చేతులకి తెలిసిపోతుంది. రేపు లేవలేనేమోనని రేపటి పనంతా ఇవాళే లాగేస్తాయి. కూరగాయలన్నీ తరిగి డబ్బాలకెత్తేస్తాయి. మా ఇంట్లోవాళ్లు నాకు ఒంట్లో బాగుందనుకునే రోజే నాకు జబ్బు మొదలైన రోజు. ఇదంతా చెబుతుంటే వెనక గదిలోంచి “అమ్మాయ్, టీ సంగతేమైంది?” అని అత్తగారి గొంతు వినిపించింది. మైకు ఆపడం కూడా మర్చిపోయాను.

డాక్టరమ్మ ఏదో రాసుకున్నారు. “కూరగాయల సంగతి నిర్వచనంలో పెట్టలేనమ్మా, అందరికీ వర్తించదుగా. కానీ ఈ ఉద్యోగం, బడి అన్న మాట చాలదు. రోజూ చేసే పని, ఇంటిపనితో సహా, చేయడం కష్టమవడం అని మారుద్దాం.” ఆగి, “ఒక్కటి అడుగుతాను. అంత ముందుగా మీకు తెలుస్తున్నప్పుడు, నాకెందుకు ఫోన్ చెయ్యరు?” అన్నారు.

“తరగడం అయ్యాక చేద్దామనుకుంటానండి,” అన్నాను. డ్రైవరు నవ్వాడు. ఆమె నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. మా ఆయన గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. “వాళ్లేదో సైన్స్ మాట్లాడుకుంటుంటే, మధ్యలో మన వంటింటి గోలెందుకు?” అన్నారు తర్వాత. నేను టీ పెట్టడానికి లేచాను. కానీ డాక్టరమ్మ ప్రశ్న నన్ను వదల్లేదు. అంతవరకూ నన్ను ఎవరూ పట్టించుకోలేదనే నా బాధ. ఎవరూ పట్టించుకోకుండా, ఎవరికీ కనబడకుండా జబ్బు మొదలైన గుర్తుని డబ్బాల్లో పెట్టి మూతేస్తున్నది నేనేనని అప్పుడు తోచింది.

నిన్న పొద్దున గొంతులో ఆ చేదు మళ్లీ తగిలింది. నా చేయి అప్పటికే కత్తి అందుకుంది, బీన్స్ తరిగే చెక్క మీదికొచ్చేశాయి. కత్తి సొరుగులో పెట్టేశాను. బీన్స్ మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టేశాను. ఆస్పత్రికి ఫోన్ చేస్తే మధ్యాహ్నం రమ్మన్నారు. గొట్టం కడిగి తెచ్చుకుని, ఎప్పటిలా గదిలోకి వెళ్లకుండా, భోజనాల బల్ల దగ్గరే కూర్చున్నాను.

మా ఆయన ఫ్రిజ్ తెరిచారు. “ఏంటి, ఇవాళేమీ తరగలేదా?”

“జబ్బు తిరగబెట్టింది.”

“దగ్గట్లేదుగా!”

“ఇంకా లేదు.”

ఆయన తెరిచిన తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డారు, చల్లగాలంతా బయటికి పోతూ ఉంది.

“బీన్స్ కింది అరలో ఉన్నాయి. కత్తి సొరుగులో ఉంది,” అన్నాను. ఇక ఏమడిగినా జవాబు చెప్పే వీల్లేకుండా గొట్టం నోట్లో పెట్టుకుని, నిదానంగా ఊదడం మొదలుపెట్టాను.