అమ్మ తొక్కిన అచ్చు

ప్రోతరాపూర్‌లో సాయిలక్ష్మి ఇంటికి వెళ్ళి ఖాళీగా కూర్చున్నారంటే కోరి ఇరుక్కున్నట్టే. ఆ పిల్ల బొగ్గుముక్క అందుకుని ఎదురుగా చతికిలబడుతుంది. ఇక మీరు ముక్కు గోక్కోవాలన్నా ఆమె అనుమతి కావాలి.

ఈ దీవి నుంచి ఓడెక్కి విశాఖపట్నం వెళ్ళి బొమ్మల చదువు చదువుకొచ్చింది సాయిలక్ష్మి. అక్కడ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గీయించేవారు. ఇక్కడికి తిరిగొచ్చాక ఆ అలవాటు పోలేదు గానీ, కూర్చునే మనుషులే కరువయ్యారు. హాడో జెట్టీ దగ్గర ఎవరినడిగినా, దీవి అలవాటుగా హిందీ ముక్క కలిపి, "ఊరికే కూకోడానికి మాకు పన్లేదా దీదీ?" అనేవారు. పని చేసుకుంటూనే కూర్చోమని అడగడం నేర్చుకుంది. చేపలు కోసేవాళ్ళు, తాళ్ళు చుట్టేవాళ్ళు, అందరూ అలాగే ఆమె కాగితాల్లోకి వచ్చేశారు.

ఇక అచ్చుల సంగతి. కాలేజీలో అచ్చు వెయ్యడానికి ఇనప యంత్రం ఉండేది. ఇక్కడ అమ్మ ఉంది. చెక్క మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం పరిచి, పైన పాత దుప్పటి కప్పి, "అమ్మా, రా" అంటే చాలు. అప్పలకొండమ్మ చీర ఎత్తి దోపుకుని, గోడ పట్టుకుని, ఈ మూల నుంచి ఆ మూలకి తొక్కుకుంటూ పోయేది. కూతురి ప్రయోగాలకి అంతులేదు. చిరిగిన వలముక్కకి సిరా పూసింది, మొగలి ఆకుకి పూసింది, తుప్పు పట్టిన రేకుకీ పూసింది. అన్నీ అమ్మ పాదాల కిందికే వచ్చాయి.

"ఇంకేటి తొక్కాలి తల్లీ? గోడలు కూడా తొక్కమంటావేటి?" అని విసుక్కునేది అప్పలకొండమ్మ. విసుక్కుంటూనే తొక్కేది.

అంత చాకిరీకి ఆమె కూతుర్ని అడిగింది ఒక్కటే. "మీ అయ్య బొమ్మ ఒకటి గియ్యవే."

సాయిలక్ష్మికి మూడేళ్ళప్పుడు తండ్రి అప్పలరాముడు సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఉన్న ఒక్క పెళ్ళిఫోటో సునామీలో ఒడ్డునున్న ఇంటితో పాటే పోయింది. ఈ ఇల్లు కట్టుకున్నాక అప్పలకొండమ్మ ఆయన బొమ్మ కోసమని గోడకి ఒక మేకు కొట్టించింది. ఏటా ఆయన పోయిన రోజున ఆ మేకు కింద దీపం పెట్టి, "మేకుకి దణ్ణం పెడుతున్నానే" అని నవ్వేది. ఆ నవ్వు వింటే సాయిలక్ష్మికి అన్నం సయించేది కాదు. ఊరందర్నీ గీసిన చెయ్యి కన్నతండ్రిని గీయలేకపోయింది. కళ్ళెదుట లేనిదాన్ని గీయడం ఆమెకి చేతకాదు మరి. ముక్కెలా ఉండేది, మీసమెలా ఉండేది అని ఎన్నిసార్లడిగినా అమ్మది ఒకటే జవాబు. "మీ సిన్నాన్న లాగే ఉండీవోడు."

సరే, చిన్నాన్న నూకన్ననే కూర్చోబెట్టింది.

"కూకుంటాను గానీ, దండ మాత్రం ఎయ్యకండి. నానింకా బతికే ఉన్నాను" అని ముందే షరతు పెట్టాడు నూకన్న.

కూర్చోవడమేమో గానీ, పెళ్ళిచూపులకొచ్చినవాడిలా బిగుసుకుపోయేవాడు. గీసిన ప్రతి బొమ్మనీ అమ్మ చేత్తో పట్టుకుని చూసేది. "బాగుంది. ఇది నూకన్న" అని తిరిగి ఇచ్చేసేది. తండ్రి ముఖం గుర్తులేని కూతురు బొమ్మలెందుకు గీయాలని సాయిలక్ష్మికి తనమీద తనకే కోపం వచ్చేది.

చివరికి ఒకరోజు చిరిగిన వల, అది బాగుచేసే సూది తెచ్చి ఆయన ఒళ్ళో పడేసింది. వల చేతికందగానే నూకన్న ఆమెనీ, బొమ్మనీ మర్చిపోయాడు. భుజం ఒకటి పైకి లేచింది, తల పక్కకి వాలింది, సూది పరుగెత్తింది.

"హిల్నా మత్ సిన్నాన్నా, బస్, అలాగే ఉండు!"

కాగితం వెతుక్కునే ఓపిక లేదు. పడవ మరమ్మతులో మిగిలిన ప్లైవుడ్ ముక్క ఒళ్ళో పెట్టుకుని దానిమీదే గీసేసింది. తర్వాత రోజుల్లో ఆ గీతల వెంటే చెక్కుకుంటూ పోయింది. అంత బాగా ఎప్పుడూ కుదరలేదని మురిసిపోయింది. ఆ మురిపెంలో అచ్చు పని నేర్చేవాళ్ళకి మొదటిరోజే చెప్పే పాఠం మర్చిపోయింది.

అమ్మ వచ్చి తొక్కింది. సాయిలక్ష్మి దుప్పటి తీసి, కాగితం ఒలిచి చూసి తల పట్టుకుంది. చెక్క మీద కుడిచేతిలో ఉన్న సూది కాగితం మీద ఎడంచేతికి వచ్చింది. అచ్చులో ఏదైనా తిరగబడే పడుతుంది. అందుకే బొమ్మని ముందే తిప్పి గీసుకోవాలి.

"గలత్ హో గయా అమ్మా, ఉల్టా పడింది. ఇది పడేసి మళ్ళీ చెక్కుతాలే."

అప్పలకొండమ్మ ఆ కాగితం మీదికి వంగింది. గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది.

"ఒలే, ఇది మీ అయ్యే!"

"సిన్నాన్నే కదమ్మా."

"మీ అయ్య పుర్రచెయ్యోడే. మా అత్త కొట్టి కొట్టి అన్నం మటుకు కుడిసేత్తో అలవాటు సేసింది. వల కాడ ఎవరి మాటా ఇనీవోడు కాడు. ఇదిగో, ఈ బుజం ఇలాగే ఎత్తీవోడు. తల ఇలాగే వాల్సీవోడు."

"మరి ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదేం?"

"నువ్వు ముక్కడిగావు, మీసమడిగావు. సెయ్యెప్పుడైనా అడిగావేటి?"

అంటూనే తన పాదాల వైపు చూసుకుని ఉలిక్కిపడింది. "ఒలమ్మో! మడిసిని కాళ్ళతో తొక్కీసినానే!" వంగి బొమ్మ అంచుని తాకి కళ్ళకద్దుకుంది. సాయిలక్ష్మికి ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది.

"తొక్కిన బొమ్మకి దీపమెట్టను. ఇంకోటి ఎయ్యి."

"ఎలా వేసినా తొక్కాలి కదమ్మా."

అప్పలకొండమ్మ లేచి కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చింది. ఈసారి దుప్పటి వద్దంది. మళ్ళీ సిరా పూసిన చెక్క మీద పరిచిన కొత్త కాగితానికి రెండు అరచేతులూ ఆనించి నొక్కడం మొదలుపెట్టింది. తల నొక్కింది, భుజాలు నొక్కింది, వేటనుంచి అలిసొచ్చినవాడికి ఒళ్ళు పట్టినట్టు నెమ్మదిగా దిగింది. ఎడంచెయ్యి దగ్గర చాలాసేపు ఉండిపోయింది.

అచ్చు అక్కడక్కడా పల్చగా పడింది. చెయ్యి మాత్రం నల్లగా, గట్టిగా పడింది. దాన్నే మేకుకి తగిలించారు.

సాయంత్రం నూకన్న వచ్చి గుమ్మంలోంచే చూశాడు. "ఏటే గుంటా, నన్ను పుర్రచెయ్యోణ్ణి సేసీసినావ్..." అని నవ్వబోయి ఆగిపోయాడు. లోపలికొచ్చి గోడ ముందు నిలబడ్డాడు. వదిన వైపు చూశాడు. ఆమె తలూపింది.

"దండ నాను తెత్తాను" అని నూకన్న మళ్ళీ చెప్పులేసుకున్నాడు.