ఎడమ తలుపు

అయస్కాంతంగారు ముక్కాలిపీటను కారు పక్కకు జరుపుకొని, జేబులోంచి అయస్కాంతపు బిళ్ళ తీశారు. రంగు మీద గీత పడకుండా ఆ అయస్కాంతానికి భార్య పాత రుమాలు ముక్క తొడిగారు. మంచి రేకైతే టక్కున పట్టుకుంటుంది. సొట్టను పుట్టీతో పూడ్చి రంగేసిన చోట జారి పడుతుంది. పాత కార్లంటే ప్రాణం పెట్టేవాళ్ళకు ఆన్‌లైన్‌లో వేలం వేసే సంస్థలో ఇరవై ఏళ్ళుగా ఆయన పని ఇదే; అందరూ పిలిచే ఆ పేరూ అలా వచ్చిందే. కారు లోపాలన్నీ వెతకాలి, ఫొటోలు తీయాలి, ఉన్నదున్నట్టు రాయాలి. ఆయన రాశారంటే రాతిమీద గీత.

ఈరోజు వేలంలో ఉన్నది ఆయన సొంత కారే. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆ పల్లపు సీటులోంచి లేవడం గగనమైపోయింది. పద్దెనిమిది లోపాలు రాశారు. పంతొమ్మిదోది రాయలేదు.

ఇంకో అరగంటలో వేలం ముగుస్తుందనగా, ఫోన్‌లో వేలం పేజీ మీద ఎవరో అడిగారు: "అయస్కాంతంగారూ, ఎడమ తలుపు ఫొటో లేదేం?"

డ్రైవింగ్ నేర్చుకునే రోజుల్లో ఆయన భార్య ఆ తలుపును గేటుకు రాసేసి, ఆయన ఊర్నుంచి వచ్చేలోగా గుట్టుగా బాగు చేయించింది. వచ్చిన మర్నాడే షెడ్డులో బిళ్ళ జారి ఆయన కాలిమీద పడింది. గుమ్మంలో ఆవిడ ముఖం చూసి, "ఎండ బాగా కాస్తోంది కదూ" అన్నారు. అంతే, పదిహేనేళ్ళు గడిచాయి.

రాస్తే ఆవిడ గుట్టు పోతుంది. రాయకపోతే తన మాట పోతుంది. బిళ్ళ ఆనించారు. జారింది. ఫొటో తీసి, బరువుగా లోపలికి నడిచారు.

కంప్యూటర్ ముందు ఆవిడ కూర్చుని ఉంది. తెరమీద జవాబు అప్పటికే పడింది: "పుట్టీ ఉంది. గేటుకి కొట్టింది నేను. మావారికి తెలీదు."

"నాకు తెలుసని నీకు..."

"ఆ రోజు జోరున వాన కురుస్తోందండీ! ఎండట, ఎండ!"

"మరి తెలీదని రాశావేం?"

"మీ మాట పోదూ?"

ఆయన కళ్ళజోడు తుడుచుకొని, ఫొటో పెట్టి, దాని కింద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు: "నాకు తెలుసు. దాచడం నా తప్పు."

ఐదు నిమిషాలు ఎవరూ పాడలేదు. ఆవిడ కుర్చీ అంచు పట్టుకొని కూర్చుంది. ఆ తరువాత, ఆ ప్రశ్న అడిగినాయనే ధర పెంచాడు. కారు ఆయనకే దక్కింది.

పొద్దుగుంకకముందే వచ్చాడు. తాళాలు అందుకొని చుట్టూ చూశాడు. "ఇదేనామ్మా ఆ గేటు?"

"ఇదే బాబూ. చూసుకుని తియ్యి, దానికి ఎడమ తలుపులంటే పడదు."

కారు మెల్లగా గేటు దాటి, మలుపు తిరిగింది. చప్పుడు వినబడినంతసేపూ ఇద్దరూ నిలబడ్డారు. గేటుకు ఎన్నిసార్లు రంగులు వేసినా, ఒక ఊచ మీది ఆకుపచ్చ గీతను మాత్రం ఆయన ముట్టుకోనివ్వలేదు. వెళ్ళిన కారు రంగు అది. దాని పక్కనే రుమాలు చుట్టిన బిళ్ళను ఆనించి, ఆవిడ వెనకే లోపలికి వెళ్ళారు.

బిళ్ళ ఊచను గట్టిగా పట్టుకునే ఉంది.