మెట్లకింది డబ్బా

ఆలివ్ వదిన పెళ్లికి కేకు చేసింది మా అమ్మే. మూడంతస్తుల కేకు. కింది అంతస్తు పెళ్లిరోజు విందుకి, మధ్యది రాలేకపోయిన చుట్టాలకి ముక్కలుగా పంపడానికి, పై అంతస్తు తొలిచూలు బిడ్డ బాప్తిస్మానికి. మా వీధిలో ఏ ఇంట్లోనైనా ఇదే పద్ధతి. అమ్మ పెళ్లి మర్నాడే పై అంతస్తు మీది పంచదార పూత గీకేసి, కాగితంలో చుట్టి, రేకు డబ్బాలో పెట్టి మెట్లకింది అలమరలో దాచింది. ఏడాది తిరిగేసరికి బిడ్డ వస్తుంది, కొత్త పూత వేసి కోస్తాం అనుకుంది. ఆ డబ్బా ఏడేళ్లు అక్కడే ఉంది.

కేకు ఎండిపోకుండా నెలకోసారి బ్రాందీ పట్టాలి. ప్రతి నెలా మొదటి ఆదివారం గుడినుంచి రాగానే అమ్మ టోపీ కూడా తీయకుండా సీసా, చెంచా పట్టుకుని డబ్బా వంటింటి బల్ల మీద పెట్టేది. అల్లికసూదితో కేకుకి కన్నాలు పొడిచి, చెంచాతో బ్రాందీ పోసేది. అదంతా వదిన ఎదురుగానే. వదిన వేటమాంసం పొయ్యిలో పెట్టి, గుడ్లూ పిండీ గిలకొడుతూ ఉండేది.

"ఇంకా ఎన్నాళ్లే తల్లీ నీకీ చెర? నిన్ను విడిపించేవాడు ఎప్పుడొస్తాడో ఏమో!" అనేది అమ్మ, కేకుతో.

అమ్మ ఈ లోకంలో తల్లీ అని పిలిచింది ఆ కేకు ఒక్కదాన్నే. నన్ను హెట్టీ అనేది, కోపమొస్తే మొద్దు అనేది. వదినకైతే పేరే లేదు, "ఇదిగో" అంతే. వదినకి రెండుసార్లు కడుపు నిలిచి, నాలుగో నెలలోనే పోయింది. వాటికి పేర్లూ లేవు, సమాధులూ లేవు. ఆ రెండుసార్లూ అమ్మ ఆ నెల బ్రాందీ మానలేదు.

ఒక ఆదివారం అమ్మ, "నా కేకు మనవరాలయ్యేట్టుంది గానీ నాకు మనవడు పుట్టేట్టు లేడు" అంది. నేను నవ్వాను. ఎందుకు నవ్వానో నన్నడక్కండి, నోరు జారినట్టు నవ్వు జారింది. వదిన అమ్మని చూడలేదు, నన్ను చూసింది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

వదినకి మూడోసారి కడుపు నిలిచింది, ఈసారి నెలలు నిండాయి. మార్చి ఆఖర్న, గురువారం, మిల్లు కూత వేసే వేళకి నొప్పులు ముదిరాయి. అమ్మ డాక్టరు కోసం పరుగెత్తింది. క్లెమ్ అన్నయ్య డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. మగబిడ్డ పుట్టాడు. ఏడవలేదు. నీలంగా ఉన్నాడు. ఊపిరి ఉందంటే ఉంది.

"హెట్టీ, నీళ్లు! ఏ గిన్నెయితే ఏం, తొందరగా!" అని అరిచింది మంత్రసాని మిసెస్ బూత్‌రాయిడ్.

బల్ల మీద అమ్మ పిండి కలిపే పెద్ద మట్టిగిన్నె ఉంది. అందులోనే నీళ్లు పట్టి పైకి పరుగెత్తాను.

"పేరు చెప్పమ్మా, టైము లేదు. ఇలాంటప్పుడు పాదిరి లేకపోయినా బాప్తిస్మం నేనివ్వొచ్చు."

"సైలస్" అంది వదిన.

అది మా నాన్న పేరు. ఆయన పోయిన దగ్గర్నుంచి అమ్మ ఆ పేరు పలకలేదు, మమ్మల్ని పలకనివ్వలేదు. మంత్రసాని దోసిట్లో నీళ్లు తీసి, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున అని మూడుసార్లు వాడి తల మీద పోసింది. వాడు అరగంట ఉన్నాడు. అమ్మ డాక్టర్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి అంతా అయిపోయింది.

డాక్టరు మెట్ల మీద అన్నయ్యనీ నన్నూ ఆపి చెప్పాడు. ఇక వదినకి పిల్లలు కూడదు, ఇంకోసారి అయితే తల్లి దక్కదు. వదినకి ఆయన అప్పటికే చెప్పేశాడు. "అమ్మకి చెప్పకే" అన్నాడు అన్నయ్య. మా వాడికి చిన్నప్పట్నుంచీ అమ్మంటే హడల్.

శనివారం సైలస్‌ని మట్టి చేశాం. అమ్మ రాలేదు, మోకాళ్ల నొప్పులంది. మర్నాడు ఏప్రిల్ మొదటి ఆదివారం. గుడినుంచి వచ్చిన అమ్మ టోపీతోనే డబ్బా తీసింది. నాకు ఒళ్లు మండింది. అమ్మ అల్లికసూది చేతిలోకి తీసుకునేలోగా వదిన గోడ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది.

"పోయకండత్తయ్యా. కోయండి" అంది.

"ఏ సంబరానికి కోయమంటావ్?"

"మా వాడి బాప్తిస్మానికి."

"అదేం బాప్తిస్మం? గుడా, పాదిరా, కనీసం తెల్లగౌనా? వద్దులే. దాచుదాం, ఈసారి పుట్టేవాడికి పనికొస్తుంది."

ఆ మాట అమ్మ సూటిపోటిగా అనలేదు. నిజంగా ఆశపడే అంది. అందుకే అది ఇంకా ఘోరంగా వినిపించింది.

"ఈసారి అనేది లేదత్తయ్యా. డాక్టరు చెప్పేశాడు. నాకున్నవాడు వాడొక్కడే. వాడికి బాప్తిస్మం కాలేదని మీరంటే, వాడు అసలు పుట్టనట్టే."

భోజనానికి కూచున్న అన్నయ్య వైపు చూసింది అమ్మ. అన్నయ్య ఖాళీ పళ్లెంలోకి చూశాడు. అప్పుడు నా వైపు తిరిగింది.

"నువ్వు చూశావుటే?"

ఆ ఆదివారం నేను నవ్విన నవ్వు గుర్తొచ్చింది.

"చూశానమ్మా. నువ్వు ఈ కేకు కలిపిన గిన్నెలోనే నీళ్లు తెచ్చింది నేను. వదిన సైలస్ అని పేరు పెట్టింది. నిన్న పాదిరిగారు ఆ పేరుతోనే ప్రార్థన చేశారు. నువ్వొచ్చుంటే వినేదానివి."

అమ్మ కుర్చీలో కూలబడింది. "పూతైనా వేయనీ. పూత లేని కేకు బాప్తిస్మానికి ఎలా కోస్తారు? రెండ్రోజుల్లో ఆరిపోతుంది" అంది.

"వాడు అరగంటే ఉన్నాడత్తయ్యా. పూత ఆరేదాకా నేను ఆగలేను."

అమ్మ లేచి కత్తి తెచ్చింది. కేకు నల్లగా, మెత్తగా, ఏమాత్రం చెడకుండా ఉంది. కిస్మిస్‌ల వాసన, బ్రాందీ వాసన ఇల్లంతా నిండింది. ఏడేళ్లు దాన్ని అంత బాగా సాకిందే అని నాకు ఏడుపొచ్చింది. వదిన తన ముక్క పొడి కూడా మిగల్చకుండా తిని, ఇంకోటి అడిగింది. అమ్మ ముట్టుకోలేదు. సొరుగులోంచి చుట్టాలకి ముక్కలు పంపే చిన్న అట్టపెట్టెలు తీసింది. అవీ పెళ్లప్పుడు కొన్నవే. పదకొండు ముక్కలు కోసి సర్ది, పదకొండు చీటీలు రాసింది. నేను పక్కన నిలబడి చదివాను. సైలస్ బాప్తిస్మం, గురువారం. పదకొండింటి మీదా ఆ పేరు తన చేత్తోనే రాసింది.

మే నెల మొదటి ఆదివారం గుడినుంచి వచ్చాక అలమర తలుపు చప్పుడైంది. చూస్తే అమ్మ టోపీతోనే, ఒక చేతిలో సీసా, ఒక చేతిలో చెంచాతో ఖాళీ అర ముందు నిలబడి ఉంది. వదిన పిండి గిలకొట్టడం ఆపింది.

"ఏం వెతుకుతున్నారత్తయ్యా?"

అమ్మ తలుపు మెల్లగా మూసింది.

"ఏం లేదు తల్లీ" అంది.